ఆరున్నర బస్సు డ్రైవరు కంట్రోలర్ రూముకు రావలెను

పోయిన మంగళవారం పొద్దున బస్టాండులోని నా జిరాక్స్ షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. ఆరున్నర బస్సు డ్రైవరన్న. పొద్దుటిపూట ఫోను చేసే మనిషి కాదు.

"చెల్లె, మైకు పెద్దమ్మ పోయింది. నిద్రలనే పోయిందట. నువ్వు రా" అని పెట్టేశాడు.

సగం ఎత్తిన షట్టరును అట్లాగే వదిలేసి బస్టాండు వెనక గల్లీలోకి పరుగెత్తాను. వాకిట్లో అప్పటికే యాభైమంది ఉన్నారు. సగం మంది ఖాకీ చొక్కాల్లో ఉన్నారు. ఆమె మంచం మీద మామూలుగా పడుకున్నట్టే ఉంది, కళ్లద్దాలు మాత్రం లేవు. ఆమెను నోరు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదటిసారి. ఏడుపు ఆగలేదు.

సిద్దిపేట బస్టాండుకు వచ్చిపోయే జనంలో ఆమె ముఖం ఎరిగినవాళ్లు తక్కువ, గొంతు ఎరగనివాళ్లు లేరు. మొదట కండక్టరు. మోకాళ్లు అరిగిపోయాక కంట్రోలర్ రూములో మైకు ముందు కూర్చోబెట్టారు. ఉద్యోగం అయిపోయేదాకా ఆ కుర్చీ ఆమెదే. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. అందరికీ మైకు పెద్దమ్మ, నాకూ పెద్దమ్మే.

ఆమెకు రెండు భాషలు ఉండేవి. మైకులో, "ప్రయాణికులకు విజ్ఞప్తి. దుబ్బాక వెళ్లు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా నున్నది" అని, పెళ్లి పత్రిక చదివినట్టు చదివేది. బటన్ నొక్కి మైకు ఆపేశాక, "ఏయ్ తమ్మీ, ఆ అరటితొక్క నువ్వు తీస్తవా, నన్నొచ్చి తియ్యుమంటవా?" అనేది. ఒక్కోసారి బటన్ నొక్కడం మరిచిపోయేది. అప్పుడు ఆ అరటితొక్క సంగతి బస్టాండు మొత్తానికీ తెలిసేది. తొక్క పడేసినవాడు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దాన్ని తీసి జేబులో పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

ఇంకో సంగతి. "రద్దు" అనే మాట ఆమె మైకులో పలికేది కాదు. బస్సు చెడిపోయినా, డ్రైవరు రాకపోయినా, పైనుంచి ఆపేయమని చెప్పినా సరే, "గజ్వేల్ బస్సు ఇంకా రాలేదు" అనే చెప్పేది. జనం కిటికీ దగ్గరకొచ్చి, వచ్చేదో రానిదో తేల్చి చెప్పవమ్మా అని తిట్టేవాళ్లు. ఆమె కదిలేది కాదు. "రద్దు అంటే మీరు లేచి ఇంటికి పోతరు. పోతే ఆళ్లకు నిమ్మలం. రాలే అంటే నా మీద లొల్లి వెడ్తరు. లొల్లి వెట్టున్రి, నేను మీ లొల్లి పై సారుకు ఫోన్ల వినిపిస్త" అని నిజంగానే రిసీవరును కిటికీ బయటికి పట్టుకునేది. ఇంకో బస్సు వచ్చేది.

నేను ఆమెకు ఎట్లా తెలిశానో చెప్పాలి. మాది దుబ్బాక అవతల ఊరు. బాపు మగ్గం నేసేవాడు. తువ్వాళ్ల మూటతో వారానికోసారి సిద్దిపేట వచ్చి షాపులకు వేసి పోయేవాడు. ఇంటర్ అయ్యాక నేను సిద్దిపేటలో డిగ్రీ చదువుతానంటే ఒకే ఒక్క మాట అన్నాడు. "ఆరున్నర బస్సుకు ఇంట్ల వడాలె బిడ్డా. అది తప్పినదంటే తెల్లారి నుంచి నువ్వూ నేనూ మగ్గం కాడ్నే." మా వైపు వెళ్లే చివరి బస్సు అదే. బాపు చెడ్డవాడు కాడు. మా ఊళ్లో ఆడపిల్లల తండ్రులందరూ ఆ బస్సును చూసుకునే పిల్లల్ని కాలేజీకి పంపేవాళ్లు.

మొదటి సంవత్సరమే ఒక సాయంత్రం ప్రాక్టికల్స్ ఆలస్యమయ్యాయి. వర్షం. కాలేజీ నుంచి పరుగెత్తుకొచ్చి రోడ్డుకు ఆ పక్క నిలబడితే, లారీలు దాటనివ్వడం లేదు. ఇవతల బస్సు వెనక్కి తీస్తున్నారు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. అప్పుడు మైకు పలికింది. "ఆరున్నర బస్సు డ్రైవరు వెంటనే కంట్రోలర్ రూముకు రావలెను."

బస్సు ఆగింది. ఈ డ్రైవరన్నే దిగాడు. నేను రోడ్డు దాటి, చెప్పు ఒకటి బురదలో వదిలేసి, బస్సెక్కి సీట్లో పడ్డాక ఆయన తాపీగా తిరిగొచ్చాడు. కండక్టరు అడిగాడు, "ఏందన్నా, ఎందుకు పిలిచింది?"

"ఏం లేదు. చాయ్ తాగినవా అన్నది. తాగిన అన్న. సరే పో అన్నది."

బస్సంతా నవ్వింది. నాకొక్కదానికే విషయం తెలియదు. వాళ్లిద్దరి మధ్యా అది ఎప్పటినుంచో నడుస్తున్న ఏర్పాటు. ఆమె కుర్చీ ముందు కిటికీ, కిటికీలోంచి రోడ్డు కనిపించేది. ఎవరైనా ఆడపిల్ల పరుగెత్తుకొస్తూ కనిపిస్తే డ్రైవరును పిలిచేది. ఆయన వెళ్లి కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి వచ్చేవాడు. రూలు ప్రకారం కంట్రోలరు పిలిస్తే డ్రైవరు వెళ్లాల్సిందే. ఆలస్యం ఎవరి మీదా పడదు.

మర్నాడు దండం పెట్టడానికి వెళితే తిట్టింది. "దండాలు తర్వాత, ముందుగాల చెప్పులు కొనుక్కో. ఇగో బిడ్డా, బస్సు దానంతటది నడుస్తలేదు, మనిషే నడుపుతుండు. మనిషి నడిపేది మనిషి కోసం ఆగుతది. ఆగకుంటే ఆపాలె." ఆ మూడేళ్లలో ఆ బస్సు నాకోసం ఎన్నిసార్లు ఆగిందో లెక్క తెలియదు. డిగ్రీ పట్టా మీద నా పేరుంది కానీ అందులో ఆమె మైకూ ఉంది.

ఆమె ఉద్యోగం అయిపోయాక మైకులో ఆమె బదులు రికార్డు చేసిన గొంతు వచ్చింది. బస్టాండు వెనకే ఇల్లు కాబట్టి ఆమెకు రోజంతా వినపడేది. వినపడినప్పుడల్లా ఒక తిట్టు. గొంతు బాగానే ఉంది కదా పెద్దమ్మా అన్నాను ఒకసారి. "గొంతుకేం, బంగారమే. దానికి కిటికేది? ఉరికొచ్చేటోళ్లు దానికెట్ల అవుపడ్తరు?" అంది.

నిరుడు డిపో నుంచి ఒక కాగితం వచ్చింది. మొదటి పేజీలో, జనం ఎక్కడం లేదని తీసేయబోయే బస్సుల జాబితా. అందులో ఆరున్నర బస్సు ఉంది. రెండో పేజీలో టికెట్ల ధరల పెంపు, విద్యార్థుల పాసుల ధరల పెంపు. అభ్యంతరాలు ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు బస్టాండు మీది అంతస్తులోని హాలుకు వచ్చి చెప్పుకోవచ్చునని కింద రాసి ఉంది.

నేను ఆవేశంగా వినతిపత్రం టైపు చేశాను. "తమరు దయతో" అని మొదలుపెట్టాను. పెద్దమ్మ షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, అద్దాలు పెట్టుకుని చదివి, నా పెన్నే తీసుకుని "దయ" కొట్టేసింది.

"దయతోని నడుస్తదా బస్సు? డీజిల్‌తోని నడుస్తది. మన బస్సు మనం అడుగుతున్నం, అడుక్కుంటలేం. మంచిగ రాయి." తర్వాత ఆ కాగితం కింది వరుస మళ్లీ చదివింది. ముఖం మారింది. "ఓసి నీ... ఆరు గంటలకా మీటింగు?"

నాకప్పుడు తట్టింది. ఆరు గంటలకు మీటింగ్ అంటే, ఆ బస్సు కోసం మాట్లాడాల్సినవాళ్లెవరూ రాలేరు. మీటింగులో కూర్చుంటే ఆరున్నర బస్సు తప్పిపోతుంది! కాలేజీ పిల్లలు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, దవాఖానలో నర్సు ట్రైనింగ్ చేసేవాళ్లు అందరూ ఆ వేళకు బస్సులో ఉంటారు. పైన హాలు ఖాళీగా ఉంటుంది. అభ్యంతరాలు లేవని రాసుకుంటారు. కావాలని పెట్టారో, తెలియక పెట్టారో నాకు తెలియదు. తెలియక పెట్టి ఉంటే అది ఇంకా ఘోరం.

శుక్రవారం ఆరింటికి హాల్లో మేం పదిమందిమి కూడా లేము. డిపో పెద్ద సారు మర్యాదగానే మాట్లాడాడు. "ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ కదమ్మా, ధర పెరిగితే మీకేం ఇబ్బంది?" అన్నాడు.

పెద్దమ్మ లేచింది. "మాకు ఫ్రీ అయితే మా ఇంట్ల మొగోళ్లకు ఫ్రీనా సారూ? పొద్దున లేస్తే పనికి వచ్చేటోడు టికెట్ కొనాల్నా లేదా? ఆడోళ్లకు ఫ్రీ, మంచిదే. ఎక్కుదమంటే బస్సే లేకపాయె, ఇగ ఫ్రీ దేనికి, చూస్తందుకా?"

సారు నవ్వి, గడియారం చూసి, "ఆ బస్సు ఎక్కేవాళ్లు ఒక్కరు కూడా రాలేదు కదమ్మా" అన్నాడు.

"ఇంకా రాలే" అంది పెద్దమ్మ. నన్ను మోచేత్తో పొడిచి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆ మోకాళ్లతో!

కింద కంట్రోలర్ రూములో ఉన్నది ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆమెను చూడగానే లేచి, "నేను చాయ్ తాగొస్త పెద్దమ్మా" అని తలుపు తెరిచే పెట్టి వెళ్లిపోయాడు. రికార్డు గొంతు మధ్యలో టక్కున ఆగింది. ఎన్నో ఏళ్ల తర్వాత పెద్దమ్మ గొంతు బస్టాండంతా పలికింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆరున్నర బస్సు డ్రైవరు వెంటనే కంట్రోలర్ రూముకు రావలెను."

పల్లీలు అమ్మే ఆమె తలెత్తి చూసింది. ఇంజను నడుస్తూ ఉండగానే డ్రైవరన్న దిగి నడుచుకుంటూ వచ్చాడు. నేను బస్సెక్కి అరిచాను, "పైన మీ బస్సు తీసేస్తున్నరు! అందరు పైకి నడువున్రి, రెండు నిమిషాలు!"

ఎవరూ కదల్లేదు. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల ఒకతి, సంచి గుండెకు హత్తుకుని, "అక్కా, బస్సు పోతే? మా నాయిన చంపుతడు" అంది. ఆ పిల్ల ముఖంలో నా ముఖం కనపడింది నాకు.

"డ్రైవరు కంట్రోలర్ రూముల ఉన్నడు. డ్రైవరు లేకుంట బస్సు ఎటు పోతది? నడువు!"

ఆ పిల్ల మొదట దిగింది. తర్వాత బస్సు బస్సంతా దిగింది. సంచులు, టిఫిను డబ్బాలు, చంకలో పిల్లలు, తువ్వాళ్ల మూటలు మోసుకొచ్చిన ఒక ముసలాయన, అందరూ మెట్లెక్కి హాల్లోకి వచ్చారు. కూర్చోవడానికి జాగా లేక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. పెద్దమ్మ అందరికన్నా వెనకాల, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది.

సారు కంగారుపడ్డాడు. "అరె, కింద మీ బస్సు లేటవుతుంది. ఇంటికి ఎప్పుడు పోతారు? వెళ్లండి, వెళ్లండి."

ఆయాసంతో ఆమె మాట తడబడింది, కానీ ఆగలేదు. "గా మాట రాసుకోండ్రి సారూ. రెండు నిమిషాలు లేటయితెనే ఇంటికి ఎప్పుడు పోతరని మీకు ఫికరైంది. అసలు బస్సే లేకుంటే గీ పోరగాండ్లు ఇంటికి ఎట్ల పోవాలె? రాసుకోండ్రి, మేం పోతం."

ఆ డిగ్రీ పిల్ల ముందుకొచ్చింది. "సార్, గీ బస్సు లేకుంటే నాకు కాలేజీ లేదు. గంతే సార్" అంది. దాని తర్వాత ఒకరి మీద ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. పేరు, ఊరు, ఏ బస్సు. సారు పక్కనున్న గుమాస్తా కాగితం నిండిపోతే వెనక్కి తిప్పి రాశాడు. ఆరూ నలభైకి అందరూ మళ్లీ బస్సెక్కారు.

డ్రైవరన్నకు ఆలస్యానికి మెమో వచ్చింది. "మైకులో పిలిచినారు, వెళ్లితిని" అని ఒక్క ముక్క జవాబు రాశాడు, నా షాపులోనే. పెద్దమ్మ స్వయంగా వెళ్లి, పిలిచింది నేనే, మెమో నాకియ్యండ్రి అంది. పింఛను తీసుకునే మనిషికి మెమో ఎట్లా ఇస్తారు? అది అక్కడితో ఆగిపోయింది.

ఆరున్నర బస్సును తీసేయలేదు. పాసుల ధర పెంచలేదు. మామూలు టికెట్ మాత్రం పెరిగింది, తొగుట వైపు వెళ్లే బస్సులు రెండు పోయాయి. నేను పొంగిపోయి మిఠాయి తీసుకెళితే ఆమె డబ్బా మూత కూడా తీయలేదు. "తొగుట బస్సులు?" అంది. రద్దయ్యాయి కదా పెద్దమ్మా అన్నాను. "రద్దు గాలే. ఇంకా రాలే" అంది. పోయిన వారం దాకా ఆ రెండు బస్సుల కోసం నా చేత నెలకో కాగితం టైపు చేయించింది. ఒక్కదాంట్లోనూ దయ అనే మాట లేదు.

ఇప్పుడు మళ్లీ కొత్త జాబితా తయారవుతోందని విన్నాను. తయారు చేయనీ. మా దగ్గర టైపు మిషను ఉంది, నోళ్లున్నాయి, ఆ మెట్లు ఎక్కగలిగే మోకాళ్లున్నాయి. ఈసారి మీటింగు ఏ వేళకు పెట్టినా సరే, బస్సును వెంటబెట్టుకునే వస్తాం. తొగుట బస్సుల కాగితం ఈ నెల కూడా పంపాను. కింద సంతకం నాది.

ఆమె పోయిన మర్నాడు, బుధవారం సాయంత్రం షాపులో కూర్చుని ఉన్నాను. ఆరున్నర అయింది. రికార్డు గొంతు తన పాఠం తాను చదివేసింది. డ్రైవరన్న ఇంజను స్టార్టు చేశాడు. కండక్టరు తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. బస్సు కదల్లేదు. డ్రైవరన్న దిగాడు. ఆయనను ఎవరూ పిలవలేదు. నింపాదిగా నడిచి కంట్రోలర్ రూము కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచల మీద చెయ్యి వేసి, ఆమె కూర్చుని ఎటు చూసేదో అటు తిరిగి నిలబడ్డాడు.

రోడ్డుకు ఆ పక్క ఇద్దరు ఆడపిల్లలు లారీ దాటిపోయేదాకా ఆగి, సంచులు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. వాళ్లు ఎక్కేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.