పంటికి రాసిన ముత్యం

శాలిబండ రమాబాయి చార్మినార్ దగ్గర ముత్యం కొంటే కళ్లు మూసుకుని పంటికి రాసి చూసేది. గరుకుగా తగిలితేనే అసలుది. "కండ్లెందుకు మూస్తరమ్మా?" అని దుకాణదారు నవ్వితే, "మెరుపు చూస్తే పన్ను గూడ అబద్ధం చెప్తది భాయ్," అనేది. పాలవాడి కొలత మొదలుకుని ఇంట్లో గోడగడియారం దాకా ఆమె ఊరికే నమ్మిందేదీ లేదు.

నాడీకణాల మీద ఆమె చేసే పరిశోధనలోనూ అంతే. ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని నడిపించే ఒక ప్రోటీన్ లేకపోతే, ఎదిగే నాడీకణం కొమ్మలు వెయ్యక మోడులా మిగులుతుందని ఆమె ఏళ్లుగా అనుకుంటోంది. 2004లో ఓరోజు, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న రాఘవ్ ఆ ప్రోటీన్ తీసేసి పెంచిన కణాల్లో అచ్చం అదే కనిపించింది. కోరుకున్నదే కళ్లెదుట పడేసరికి ఆమెకు అనుమానం పుట్టింది. ఏది ప్రోటీన్ ఉన్నదో ఏది లేనిదో అతనికి మాత్రమే తెలిసేలా, కణాలున్న డిష్‌ల మీది గుర్తులకు కాగితాలు అంటింపజేసింది. అతను ఒక్కొక్కటే అందిస్తుంటే, మైక్రోస్కోప్‌లో చూసి ప్రోటీన్ ఉందో లేదో చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

"ఇగ రాసి పంపుదాం మేడం! వేరేటోళ్లు ముందుగాల అచ్చేసుకుంటే మన కష్టమంత పాయె."

రమాబాయి అతని మొహంలోకి తేరిపార చూసింది. "నేను చెప్తుంటే నువ్వు నవ్వినవా?"

"కరెక్టు చెప్తున్నరని ఖుషీ అయి నవ్విన మేడం."

"మల్ల కాగితాలు అంటియ్యి," అంది కళ్లద్దాలు తుడుచుకుంటూ. "గీసారి నువ్వు తలుపు బయట నిలబడు."