మాట అందించేవాళ్లు లేని గది

మట్టికి ఊపిరి పోసి, ఆ ఊపిరికి మాట నేర్పిన దేవునికి స్తోత్రం. ఆయన చేసినదంతా మంచిదే. నాకు అర్థం కానిది కూడా మంచిదేనని నమ్ముతూ ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక కాలేజీ సైకాలజీ ల్యాబులో పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాణ్ణి. కంప్యూటర్ తెర మీద మాటలు ఒక్కొక్కటే కనిపించి పోతాయి. తెర ఖాళీ అయ్యాక గుర్తున్నవి పైకి చెప్పాలి, నేను టైపు చేసుకుంటాను. మనుషులు దొరక్క కొవ్వూరులో మా చర్చి సంఘంవాళ్లను అడిగాను. ముందుగా వచ్చింది మా పాస్టరుగారి భార్య. సండేస్కూల్లో నాకు బైబిలు వాక్యాలు నేర్పింది ఆవిడే.

"మొదలుపెట్టనా అమ్మగారూ?"

"పెట్టు నాన్నా. నేనంటే నీ పెట్టె భయపడదు కదా?" అని నవ్వారు.

గంప, పడవ, చింతపండు... మాటలు వచ్చి వెళ్లాయి. తెర ఖాళీ అయింది.

"పడవ," అన్నారు. ఆగారు. పక్కకు తిరిగి చూశారు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"ఏంటి, ఎవరూ అందుకోరేంటి?"

హాస్యమనుకున్నాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

మా గుడిలో ఆవిడ వాక్యం సగం చెప్పి ఆగుతారు, మిగతా సగం సంఘమంతా అందుకుంటుంది. నా చిన్నప్పటినుంచీ అంతే. ఈమధ్య సగానికి ముందే ఆగుతున్నారు. భక్తితో గొంతు పట్టేసిందనుకుని మేం ఇంకా గట్టిగా అందుకున్నాం.

"ఇంకోసారి చేద్దామాండి?" అన్నాను.

"ఇంకోసారేంటి నాన్నా? ఇప్పుడేగా వచ్చి కూర్చున్నాను."

ల్యాబు పరీక్షతో జబ్బు తేల్చకూడదు. అందుకే పాస్టరుగారికి చెప్పి, ఇద్దరినీ కాకినాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇది తగ్గేది కాదు, పెరిగేదే అన్నారాయన.

"ప్రార్థన చేస్తున్నామండి," అన్నారు పాస్టరుగారు.

"చేసుకోండి అయ్యగారూ," అన్నారు డాక్టరు, తలెత్తకుండా.

కొన్నాళ్లకు ఒక ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే లేచి నిలబడ్డారు. మొదటి మాట కూడా రాలేదు. ఏ వాక్యమో తెలియక గుడి నిండా ఉన్నవాళ్లం ఒక్కరమూ అందుకోలేకపోయాం. పాస్టరుగారు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

స్వస్థత అడగడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు. ఇది చదువుతున్న మీరు ఈ కాస్త మాటైనా నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆమె నిన్ను మరిచిపోయే రోజున కూడా ఆమె నీదేనని ఒప్పుకో. ఆమేన్.