పుంగనూరు బస్సు మీద వచ్చిన కూడు

హనుమక్కది చౌడేపల్లె పక్కన ఒక మెట్ట పల్లె. మొగుడు పాము కరిచి పోయాక, ఉన్న రెండు ఆవులనూ అమ్మేసి, 1972లో మదనపల్లెలో వృద్ధాశ్రమంలో వంటకు కుదిరింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. బోర్డు మీద వృద్ధాశ్రమం అని రాసినా ఊళ్ళో అందరూ దాన్ని ముసలోళ్ళ సత్రం అనేవాళ్ళు. చెనిక్కాయల, అంటే వేరుశెనగల, వ్యాపారులూ నూనె మిల్లుల వాళ్ళూ కమిటీగా చేరి దాన్ని నడిపేవాళ్ళు.

ఆమె నోరు మంచిది కాదు. అన్నానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళను వరసపెట్టి తిట్టేది. అయితే ఇరవై ముగ్గురు ముసలివాళ్ళలో ఎవరికి ఏది పడుతుందో ఆమెకు తెలిసినంతగా డాక్టరుకు కూడా తెలియదు. ఓబులప్పకు ఒక్క పన్ను లేదు. అతనికి రాగి సంగటి వేరేగా తీసి, మళ్ళీ వేణ్ణీళ్ళు పోసి, గెంటెతో మెదిపి మెదిపి జారుగా చేసి పెట్టేది. లక్ష్మీదేవమ్మకు కాళ్ళు వాచేవి. ఉప్పు తగ్గించాలి. తగ్గించినట్టు తెలిస్తే ఆమె గిన్నె విసిరికొడుతుంది. అందుకని ఆమె పులుసులో రవంత చింతపండు ఎక్కువ పిండేది. పన్నెండేళ్ళు అట్లా గడిచాయి.

వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేసేసరికి చెనిక్కాయ పంట పోయింది. మిల్లులు సగం మూతబడ్డాయి. నెలనెలా ఆశ్రమానికి వచ్చే బియ్యం మూటలు, రాగుల మూటలు తగ్గిపోయాయి. 1984 ఎండాకాలంలో ఒకరోజు కమిటీ సెక్రటరీ సుబ్బరాయుడు వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రిటైరైన హెడ్మాస్టరు, మెత్తని మనిషి.

"హనుమక్కా, వంట కాంట్రాక్టుకిచ్చేస్తాండాం. పుంగనూరు బస్టాండులో హోటలుండాదే గంగులప్పది, ఆయన తక్కువకు ఒప్పుకున్నాడు. ఆడే వండి బస్సులో పంపిస్తాడు."

"పుంగనూరు నుంచా సారూ? వచ్చేసరికి సల్లారిపోదా?"

"ఏం చేసేదమ్మా. కట్టెలకు లేదు, నూనెకు లేదు. ఇట్లా చేయకపోతే సంక్రాంతి లోపల తలుపులు మూసెయ్యాల. నువ్వు ఉండు. వడ్డించేదానికి మనిషి కావల్ల కదా. జీతం మాత్రం సగమే ఇయ్యగలం."

మరుసటి వారం ఇద్దరు మనుషులు గడ్డపారలతో వచ్చి పొయ్యిలు పగలగొట్టారు. ఖాళీ అయిన వంటింటిని ఒక ఎరువుల వ్యాపారికి గోడౌనుగా బాడుగకిచ్చారు. యూరియా మూటలు పైకప్పు దాకా పేర్చారు. భోజనాల వరండాలో కూర్చుంటే ఆ వాసన ముక్కుకు తగిలేది.

కూడు రోజూ తొమ్మిది గంటల బస్సు టాపు మీద వచ్చేది. తాళ్ళతో కట్టిన నాలుగు పెద్ద క్యారియర్లు. తెల్లవారుజామున వండిన దొడ్డన్నం, దాని మీద పచ్చగా నీళ్ళలాంటి సాంబారు. మధ్యాహ్నం వడ్డించేసరికి అన్నం గడ్డకట్టి ఉండేది. రాత్రికి కూడా అందులోంచే. సంగటి ఊసే లేదు. గంగులప్ప హోటల్లో సంగటి చేయరు.

ఓబులప్ప అన్నాన్ని చప్పరించి చప్పరించి, ఎవరూ చూడకుండా తుండుగుడ్డలో ఉమ్మేవాడు. హనుమక్క పక్కనున్న టీకొట్టు నుంచి వేణ్ణీళ్ళు తెచ్చి, అతని కంచంలో పోసి పిసికేది. అయినా ఆ మెతుకులు నలిగేవి కావు.

"మ్మే, నీకెందుకే ఈ కష్టం? నాకు ఆకలి లేదులే" అనేవాడు.

"ఆకలి లేకపోతే ఆ మూతి యాల నాకుతాండావు?" అని కసిరి, పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకునేది.

మరుసటి ఏడు ఉగాదికి ముందు, సమ్మె వల్ల బస్సులు రెండురోజులు ఆగిపోయాయి. పొద్దెక్కింది, తొమ్మిది గంటల బస్సు రాలేదు. మధ్యాహ్నమైంది. ముసలివాళ్ళు కంచాలు ముందు పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. సుబ్బరాయుడు పోస్టాఫీసుకు పోయి పుంగనూరుకు ఫోను చేస్తే, వండి పెట్టినాము, మీరే మనిషిని పంపి తీసుకుపోండి అని గంగులప్ప జవాబిచ్చాడు.

హనుమక్క ఇక ఆగలేదు. తన గదిలో ఉన్న రాగిపిండి అంతా తెచ్చింది. ప్రహరీ వెనకాల మూడు రాళ్ళు పెట్టి, ఎండిన కంపలు విరిచి మంట వేసింది. సంగటి కెలికి, ఎండు మిరపకాయలూ చెనిగ్గింజలూ కాల్చి ఊరిబిండి నూరింది. ఆ రోజు తిన్నట్టుగా ముసలివాళ్ళు తినడం ఆమె ఎప్పుడూ చూడలేదు. లక్ష్మీదేవమ్మ మూడుసార్లు పెట్టించుకుంది. ఓబులప్ప కంచం నాకాడు. రెండో రోజూ అట్లాగే వండింది.

మూడో రోజు బస్సు వచ్చింది. దాని వెంట గంగులప్ప కూడా వచ్చాడు.

"సారూ, ఒప్పందంలో ఏముండాది? ఈడ ఇంకొకరు వంట చేయకూడదనా, లేదా? నా కూడు బాగలేదని ఊరంతా అనుకుంటాండారు. నా పేరు పోయింది. ఆయమ్మ ఈడుంటే నేను పంపించను. మీరు వేరే మనిషిని సూసుకోండి."

వేరే మనిషి ఎవరూ ఆ ధరకు దొరకరని సుబ్బరాయుడికి తెలుసు. గంగులప్పకూ తెలుసు. కమిటీ ఒక కాగితం తయారుచేసింది. పుంగనూరు నుంచి వచ్చే భోజనం బాగుంది, వేళకు వస్తోంది, హనుమక్క ప్రవర్తన సరిగా లేదు అని అందులో రాశారు. సుబ్బరాయుడు వరండాలో కుర్చీ వేసుకుని దాన్ని చదివి వినిపించాడు. చదువుతున్నప్పుడు తల ఎత్తలేదు. అందరూ దాని మీద వేలిముద్ర వేయాలని, లేకుంటే కూడు ఆగిపోయి ఆశ్రమం మూతబడుతుందని చెప్పాడు.

హనుమక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఇరవై ముగ్గురిలో ఒక్కరైనా కాదంటారని ఆమె ఎదురుచూసింది.

లక్ష్మీదేవమ్మే మొదట లేచింది. "ఔను, ఆయమ్మకు నోరెక్కువ. నన్ను ముండా అని తిట్టింది" అంటూ వేలిముద్ర వేసింది. అబద్ధమేమీ కాదు, తిట్టింది. తరువాత ఒకరి వెనక ఒకరు. ఓబులప్ప వంతు వచ్చింది. సుబ్బరాయుడు అతని బొటనవేలు పట్టుకుని సిరా డబ్బాలో అద్దాడు. ఓబులప్ప హనుమక్క వైపు చూసి, "ఇది మూసేస్తే నేను యాడికి పోయేది, పాపా?" అన్నాడు.

ఆమె తన గదిలోకి నడిచింది. ఆ సాయంత్రమే మూట కట్టుకుని కుప్పంలో ఉన్న తమ్ముడు గురప్ప దగ్గరికి పోయింది. గురప్ప రాతి క్వారీలో పనివాళ్ళ మేస్త్రీ. అక్కకు అక్కడే వంట పని చూపించాడు. నలభై మంది కూలీలకు రెండు పూటలా సంగటి. వాళ్ళకు గట్టి పళ్ళు, గట్టి ఆకలి. ఏది పెట్టినా తింటారు. ఎవరికి ఏది పడుతుందో తెలుసుకోవాల్సిన పని లేదు. ఆమె తెలుసుకోనూ లేదు.

రెండున్నరేళ్ళ తరువాత ఒకరోజు పొద్దున సుబ్బరాయుడు కుప్పం వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. క్వారీ దాకా ఎండలో నడిచివచ్చి బండమీద కూర్చున్నాడు. హనుమక్క మజ్జిగ ఇచ్చింది.

"గంగులప్ప మానుకున్నాడు హనుమక్కా. ఏడాదికోసారి రేటు పెంచుతా పోయినాడు, కడాకు మావల్ల కాలేదు. ఎరువులాయన కూడా ఖాళీ చేసినాడు. పొయ్యిలు మళ్ళీ కట్టిస్తాం. నువ్వు రావల్ల."

"ఎంతమందుండారు సారూ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నలుగురు."

"ఓబులప్ప?"

"నువ్వు ఆడ్నుంచి వచ్చేసిన ఏడే పోయినాడు, వానాకాలంలో. ఏమీ తినలేకపోయినాడు."

ఆమె పొయ్యి కింద కట్టె లోపలికి తోసింది. ఆ నలుగురు ఎవరెవరని అడిగింది. ఆయన చెప్పిన పేర్లలో లక్ష్మీదేవమ్మ ఉంది. మంచం మీద నుంచి లేవలేకపోతోందనీ, ఒళ్ళంతా నీరు పట్టిందనీ, హనుమక్క వస్తుందా అని రోజూ అడుగుతోందనీ చెప్పాడు.

"నన్ను అడుగుతాండాదా?" హనుమక్క నవ్వింది. ఆ నవ్వు చూసి సుబ్బరాయుడు తల దించుకున్నాడు. "వేలిముద్ర యేసేటప్పుడు నేను గుర్తు రాలేదే సారూ. నేను రాను. పోయి చెప్పండి."

"వాళ్ళది తప్పు కాదమ్మా. నేను వేయించినాను."

"తెలుసు."

ఆయన బస్సుకు వెళ్ళిపోయాడు. కూలీలు పనిలోంచి వచ్చి గిన్నెలు పట్టుకుని నిలబడితే, ఆమె ఒక్కొక్కరికీ ముద్ద వేసింది.

లక్ష్మీదేవమ్మ ఆ మాఘంలో పోయిందని, మిగిలిన ముగ్గురినీ దూరపు చుట్టాలెవరో తీసుకుపోయారని, ఆశ్రమానికి తాళం పడిందని గురప్ప సంతలో విని వచ్చి చెప్పాడు. అక్క ఏమైనా అంటుందని చూశాడు. ఆమె ఎసట్లో పిండి పోసి కెలికింది. కొన్నాళ్ళ తరువాత, పిండి జల్లిస్తూ, ఎవరూ అడగకుండానే, "సారు పిలిచినప్పుడు పోయుండాల్సింది" అంది. గురప్ప పోనీలే అక్కా అనబోయాడు. ఆమె జల్లెడ పక్కన పెట్టి, ఆ మాట అననివ్వకుండా అతన్ని నానా తిట్లు తిట్టింది.