నాకు అంటుకున్న వేషం

ఆ బ్రిటిష్ నటుడి సినిమాలన్నీ నేను తెలుగు డబ్బింగులో, ఫోనులోనే చూశాను. మార్కాపురంలో నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నాల వేళ రాయి కోసే మిషన్లు ఆపేస్తారు. ఆ కాసేపట్లో టిఫిన్ బాక్సు పక్కన ఫోను నిలబెట్టుకుని ముక్కలు ముక్కలుగా చూసేవాణ్ణి. ఒకదాంట్లో ఆయన కట్టుకున్న భార్యకు విషం పెట్టి, తాపీగా టీ కాచుకునే దుర్మార్గుడు. ఇంకోదాంట్లో ముక్కోపి జడ్జి. మరోదాంట్లో ఒక జమీందారు ఇంట్లో వంటవాడు, అమ్మగారి ముందు నోరు పెగలక వణుకుతుంటాడు. ఆ తరువాత చూసినదాంట్లో గొర్రెలు కాసేవాడు. చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లను కోటు లోపల పెట్టుకుని కొండ దిగుతుంటాడు. సినిమా అయిపోయేదాకా ఈయనే ఆ విషం పెట్టినవాడని నాకు గుర్తు రాలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోయింది. ఏం మనిషిరా బాబూ అనుకున్నాను. అసూయ కూడా పడ్డాను.

ఎందుకంటే, మా ఊరి చర్చిలో ఏటా ఆడే క్రిస్మస్ నాటకంలో పెళ్లి కాకముందు నుంచీ నేను హేరోదును. యేసు పుట్టాడని విని పసిపిల్లలందరినీ చంపించిన రాజు. మిషన్ల మోతలో పక్కవాడికి వినబడాలని అరిచి అరిచి నా గొంతు అట్లా తయారైంది. ఒక ఏడు మైకు పాడైనా నా మాటలు రోడ్డు దాకా వినబడ్డాయని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మురిసిపోయారు. ఇక ఆ వేషం నన్ను వదల్లేదు. పిల్లలు అన్నం తినకపోతే తల్లులు నన్ను చూపించేవాళ్లు. నా పేరు పోయి హేరోదు మామ అయ్యాను. మానేస్తానంటే, నువ్వు లేకపోతే నాటకం ఎక్కడిది అంటారు. తిట్టేవాళ్ల మీదయితే తిరగబడొచ్చు. మెచ్చుకునేవాళ్లతో ఏం పేచీ పెట్టుకుంటాం?

నా సంగతి సరే. నా కూతురు బడికి పోవడం మొదలుపెట్టాక దాన్నీ హేరోదు కూతురా అన్నారు. బొమ్మలాట ఆడుతుంటే ఇది వచ్చిందని తోటి పిల్లలు చంటి బొమ్మను దాచేసేవాళ్లట. ఒకరోజు నన్ను బడి గేటు దగ్గరికి రావద్దంది. "నాయనా, ఈసారి మంచోని వేషం ఎయ్యి. అప్పుడు రా" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం మా ఆవిడను కూర్చోబెట్టి ఆ హంతకుణ్ణీ గొర్రెల కాపరినీ చూపించి, ఈయన మారలేదా, నేను మారలేనా అన్నాను. ఇద్దరూ ఒకరే అంటే ఆమె నమ్మలేదు. గొంతే వేరుగా ఉంది, అన్నదమ్ములేమో అంది. తెలుగులో ఆయనకు ఒక్కో సినిమాకు ఒక్కొక్కరు గొంతు ఇస్తారని చెప్పాను. "అట్లనా. ఆయనకు గొంతు మార్చేటోళ్లుండారు. నీకెవరుండారు?" అంది. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

అయ్యగారి కాళ్లావేళ్లా పడితే గొర్రెల కాపరి వేషం ఇచ్చారు. ఆ వేషానికి ఒక్కటంటే ఒక్కటే మాట. హేరోదు వేషం డిగ్రీ చదివే కుర్రాడికి పోయింది. ఆ నటుడు గొర్రెపిల్లతో మాట్లాడిన తీరు చూసి చూసి, నా మాటను మెత్తగా పలకడం నేర్చుకున్నాను. నా కూతురు దేవదూత. మా నాయన ఈసారి మంచోడని బళ్లో అందరికీ చెప్పేసిందట.

మా ఊళ్లో ఆ ఏడు పుట్టిన బిడ్డనొకదాన్ని తెచ్చి, గడ్డి పరిచిన తొట్టిలో యేసుగా పడుకోబెడతారు. క్రిస్మస్ సాయంత్రం భుజాన గొంగళితో మెల్లగా వెళ్లి ఆ తొట్టి పక్కన మోకరించాను. నోరు తెరవకముందే ముందు వరుసలో పిల్లలు హేరోదు వచ్చినాడని గోల పెట్టారు. జనం నవ్వారు. నేను పట్టించుకోలేదు. ఇంతలో ఆ బిడ్డ అమ్మమ్మ, నాకు పిన్ని వరస, ఆడవాళ్ల చాపల మీద నుంచి లేచి స్టేజి ఎక్కింది. ఆమె ముఖంలో కోపమేమీ లేదు.

"నువ్వు చెప్పుకో నాయనా. బిడ్డ బెదురుకుంటాది, నేను ఎత్తుకుంటాలే" అని బిడ్డను పొత్తిళ్లతో సహా తీసుకుని దిగిపోయింది.

తొట్టిలో వట్టి గడ్డి మిగిలింది. లోకరక్షకుణ్ణి కళ్లారా చూశామని నేను చెప్పాలి. ఎవరిని చూసి చెప్పాలి? అన్నాళ్లు మెత్తగా చేసుకున్న మాట ఎటు పోయిందో పోయింది. ఏటా హేరోదునై, యేసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులను అడిగే ప్రశ్నే, ఎప్పటి గొంతుతోనే, నా నోట్లోంచి ఊడిపడింది.

"ఏడీ ఆ శిశువు?"

ఈలలు, చప్పట్లు. కొత్త హేరోదు పరుగున వచ్చి, ఇది నీదేలే అన్నా అంటూ తన కిరీటం తీసి నా తలకు పెట్టాడు. అయ్యగారు కూడా చప్పట్లు కొట్టారు. ఆ నటుడు ఎట్లా మారగలిగాడో నాకు అప్పుడు వెలిగింది. ఆయన సినిమాలు చూసే మా బోటివాళ్లలో ఆయనకు పిన్ని వరస అయ్యేవాళ్లెవరూ లేరు. ఏడుపు తన్నుకొచ్చింది గానీ, రాజు ఏడిస్తే బాగుండదని కిరీటం సర్దుకున్నాను.

ఇంటికి నడుస్తూ నా కూతురి చెయ్యి పట్టుకోబోయాను. అది రెక్కలైనా విప్పకుండా, వాళ్లమ్మకు అవతలి పక్కకు పోయి నడిచింది.