తెర మీద చెయ్యి

బెంగళూరు దగ్గరి థీమ్ పార్కులో చీకటి గుహలోకి వెళ్ళే బొమ్మరైలు ఉంది. ఐదేళ్ల మా పాప వద్దంటున్నా, పిల్లలందరూ ఎక్కుతున్నారని నేనే ఎక్కించాను. సాయంత్రం కేజీఎఫ్ బస్సెక్కాక కూడా దాని ఏడుపు ఆగలేదు. ఇక ఎప్పటికీ చీకటంటే భయపడుతుందేమో, అదీ నా వల్లేనని నాకు ఒకటే దడ.

పక్క సీటులోని పెద్దాయన సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"నేను అప్పట్లో కేజీఎఫ్ బంగారు గనుల క్లబ్బులో సినిమా ఆపరేటర్ని తల్లీ. ఆదివారం పిల్లోళ్ళ బొమ్మ వేస్తాంటిమి. లైట్లు ఆర్పితే చాలు, అంతా ఏడుపే. వాళ్ళ నాయనలు దినామూ చీకట్లోకే గదా దిగేది!"

"మరేం చేస్తా ఉంటిరి?" అన్నాను.

"రీలు తిప్పే ముందర మిషన్ లైటుకి అడ్డంగా నా చెయ్యి ఊపేవాణ్ణి. తెర మీద ఇంత పెద్ద చెయ్యి! ఎనకాల మనిషుండాడని తెలిస్తే ఇంగ బయం యాడిది?"

నా ఫోన్ టార్చి వెలిగించమన్నాడు. ముందు సీటు వీపు మీద ఆయన చేతి నీడ ఊగింది. పాప వెక్కుతూనే తన చెయ్యీ ఊపింది.

"మీయమ్మే నీకంటే ఎక్కువ బయపడతా ఉండాది, చూసుకో పాపా" అని నవ్వి, ఆయన కోలారులో దిగిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

ఇవాళ సాయంత్రం కరెంటు పోయింది. "పాపా, యాడున్నావే?" అంటూ వంటింట్లోంచి కంగారుగా పరుగెత్తాను. హాల్లో గోడ మీద, ఫోన్ వెలుగులో, ఒక చేతి నీడ ఊగుతోంది.

"ఈడే ఉండానమ్మా. నువ్వు బయపడొద్దు."