అడగని పేరు

ముమ్మిడివరానికి దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలవబోయే చోట గంగయ్య ముప్పై ఏళ్లు రేవు పడవ నడిపాడు. రాజమండ్రి దగ్గర ఆనకట్ట పూర్తయిన రెండో ఏటికి అతనికి యాభై దాటాయి. పొడగరి, మాట తక్కువ. ఆ కాసిని మాటల్లోనూ ఒక్క అబద్ధం దొర్లదని రెండు ఒడ్డుల వాళ్లూ చెప్పుకునేవారు.

ఆ పట్టుదల తండ్రి నేర్పింది. పడవ అడుగున చెమ్మ ఊరుతున్నా "ఏం పర్లేదు, ఎక్కండి" అనెయ్యడం చాలామంది పడవవాళ్లకి అలవాటు. అతని తండ్రి అలా అననిచ్చేవాడు కాదు. "నువ్వొక్కడివీ ఆడితే ఒక్క అబద్ధమేరా. పడవోళ్లందరూ ఆడితే ఇంక పడవెక్కేవోడెవడు?" అనేవాడు. పడవ గురించి చెప్పిన ఆ మాటని గంగయ్య బతుకంతటికీ అన్వయించుకున్నాడు. సొంత తమ్ముడు పక్కవాడి వలలో చేపలు తీశాడని పెద్దల ముందు తనే సాక్ష్యం చెప్పాడు. తమ్ముడు రెండేళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. గంగయ్య బాధపడ్డాడు. కానీ తనలాంటివాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడన్న తలపు ఆ బాధలోనే కాస్త తియ్యగా ఉండేది.

ఆ రోజుల్లో ఉప్పు కుంపిణీవారి సొత్తు. సముద్రం పక్కనే కాపురమున్నా ఉప్పు మాత్రం వాళ్ల కొఠారులోనే కొనాలి. ఎండకి తీరం వెంట చవిటి పర్ర నేల మీద తెల్లగా పేరుకునే ఉప్పు గోకి తెచ్చుకుంటే నేరం. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు అయినా తెచ్చుకునేవారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

చిట్టెమ్మ కూడా అలా తెచ్చుకునేది. ఆమె మొగుడు అప్పలరాజుకి తెరచాప కొయ్య మీద పడి కాలు విరిగింది. ఆరు నెలలుగా అరుగు మీంచి దిగలేదు. ఆమే చేపలు కొని, ఉప్పేసి, ఎండబెట్టి, సంతకి తీసుకెళ్లి ఇల్లు నడుపుతోంది. గంగయ్యని మావా అని పిలిచేది.

మాఘమాసంలో ఒక పొద్దున్న ఆమె తాటాకు కప్పిన కుండ తెచ్చి పడవలో పెట్టింది. ఇంకా చేపల గంప ఉంది తెస్తాను, కాస్త చూస్తూండమని గంగయ్యతో చెప్పి గట్టెక్కింది. ఆమె అటు వెళ్లగానే ఉప్పు బంట్రోతు కనకరాజు రేవులోకి దిగాడు. పడవలో కాలుపెట్టి, తాటాకు తీసి చూశాడు. లోపల మట్టి కలిసిన ఉప్పు.

"ఈ కుండ నీదా, గంగయ్యా?"

"నాది కాదండి."

అడిగింది అంతే, చెప్పిందీ అంతే. అది నిజం. కనకరాజు మిగతావాళ్ల వైపు తిరిగాడు. అయిదారుగురున్నారు, అందరూ నీళ్లకేసి చూస్తున్నారు. ఎవరిదో తేలకపోతే కుండ పారబోసి పోవడమే అతని పని. వంగి కుండ ఎత్తబోతూ, "వీళ్లనడిగి ఏం లాభం? ఈ రేవులో నిజం చెప్పేవాడు నువ్వొక్కడివేనని మా ఠాణా అమీను గారు కూడా అంటారు," అన్నాడు.

అమీను గారి నోట తన మాట. గంగయ్య ఒళ్లు పులకరించింది.

"చిట్టెమ్మదండి," అన్నాడు.

గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న చిట్టెమ్మని కనకరాజు గట్టు మీదే పట్టుకున్నాడు. ఆమె ఏడవలేదు. గంప దింపి, పడవలో ఉన్న గంగయ్యని ఒక్కసారి చూసి, బంట్రోతు వెంట నడిచింది. నెల రోజులు ఠాణా కొట్టులో ఉంచారు.

గంగయ్య ఆ పూట మామూలుగానే పడవ వేశాడు. ధర్మం తప్పలేదు కదా అనుకున్నాడు. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. కానీ అతను దగ్గరికి వెళ్తే జనం మాట మార్చేవారు. వలలు బాగుచేసుకునే పాకలోకి వెళ్తే, నవ్వుతున్నవాళ్లు దారాలు చిక్కు తీసుకుంటూ ఉండిపోయేవారు. పడవలో ఆడవాళ్లు గంపలు ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేవారు.

ఇరవై రోజులు అలా గడిచాక, ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ ఇంటికి వచ్చాడు. భార్య కాంతం కొంగు చాటున గిన్నె పెట్టుకుని పెరటి దోవన బయటికి వెళ్తోంది. ఎక్కడికని అడిగాడు. ఆమె తలొంచుకుంది. అప్పలరాజుకి అన్నం పట్టుకెళ్తున్నానంది. చిట్టెమ్మని తీసుకెళ్లిన రోజు నించీ రోజూ వెళ్తోందట. అరుగు మీంచి అతను లేవలేకపోతుంటే ఎండబెట్టిన చేపలు కుక్కలు తినేశాయట.

"నాతో చెప్పలేదేం?"

"ఎవరైనా అడిగితే చెప్పేస్తారు కదండీ," అంది కాంతం. కోపంగా అనలేదు. వాన వస్తుందేమో అన్నట్టు అంది.

గంగయ్య పక్కకి జరిగి దారి విడిచాడు. మొగుడికి తెలియకుండా పెళ్లాం పుణ్యం చేసుకోవలసి వచ్చింది. అతనికి ముఖం మండిపోయింది. ఆ రోజు రేవులో కనకరాజు అడిగినదేమిటి, తను చెప్పినదేమిటి అని మర్నాటి నించీ పడవ మీద ప్రతి తెడ్డు పోటుకీ తలుచుకున్నాడు. నాది కాదనడంతో నిజం అయిపోయింది. ఆ తరవాత పెదవి దాటిన పేరు ఎవరూ అడగనిది, అది అమీను గారి మెప్పుకి ఇచ్చిన కానుక. ఊళ్లో ప్రతివాడూ ఒక పొగడ్త కోసం పొరుగువాణ్ణి పట్టించేస్తే ఊరనేది ఉంటుందా? తండ్రి మాటని సగమే నేర్చుకున్నానని సిగ్గుపడ్డాడు.

చిట్టెమ్మ తిరిగొచ్చిన మూడో రోజున ఆ ఇంటికి వెళ్లాడు. బాగా చిక్కిపోయింది. అరుగు ఊడుస్తూ, ఆగకుండానే రండి, కూర్చోండి అంది, మావా అనలేదు. ఆ మర్యాదకే అతనికి తల వాలిపోయింది. తప్పయిపోయిందన్నాడు. అబద్ధం నోట రాదని ఏదో చెప్పబోయాడు.

"మిమ్మల్ని అబద్ధమాడమని నేననలేదండి," అంది చిట్టెమ్మ. "నోరు మూసుకుంటే ఏం పోయింది?"

అరుగు మీద అప్పలరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గంగయ్య వచ్చేశాడు.

మరుసటి ఏడు వేసవిలో కనకరాజు మళ్లీ వచ్చాడు. పర్ర మీద అడుగుజాడలు రేవు దాకా ఉన్నాయి. పొద్దున్న ఉప్పు మూటతో అవతలి ఒడ్డుకి దాటిందెవరో చెప్పమన్నాడు. దాటింది ఊళ్లోని సత్తియ్య. తెలియదనేస్తే క్షణంలో పీడ పోయేది. ఆ మాట గంగయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తెలుసండి. చెప్పనండి."

కనకరాజు నవ్వాడు, పొగిడాడు, తరవాత చెయ్యి చేసుకున్నాడు. రెండు రోజులు ఠాణాలో ఎండలో నిలబెట్టారు. పడవని గట్టెక్కించి నెల్లాళ్లు రేవులో దించనివ్వలేదు. గంగయ్య మళ్లీ అదే మాట చెప్పాడు, ఇంకోటి చెప్పలేదు.

ఇంటికి వచ్చాక జనం చూడ్డానికి వచ్చారు. సత్తియ్య కాళ్ల మీద పడబోయాడు. దొడ్డమనిషివని ఎవరో అంటే గంగయ్య దణ్ణం పెట్టి ఇంక వెళ్లమన్నాడు. మెప్పు అంటే అతనికి భయం పట్టుకుంది. చిట్టెమ్మ రాలేదు. వస్తుందని అతను అనుకోనూ లేదు.

అందరూ వెళ్లాక కాంతం వీపుకి ఆముదం రాస్తోంది.

"ఈ పని అప్పుడే చెయ్యాల్సింది," అన్నాడు.

"ఆయ్, అవునండి," అంది కాంతం.

ఓదార్చలేదు. కాసేపటికి, అప్పలరాజు ఇవాళ కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచాడనీ, చిట్టెమ్మ మళ్లీ పర్ర మీదికి వెళ్తోందనీ మెల్లిగా చెప్పింది. ఎవరిని గురించీ ఏడాదిగా అతనితో ఇలా చెప్పలేదు. గంగయ్య ఆమె ముఖం కేసి చూడలేక, నేల చూస్తూ విన్నాడు.