ఓడ బూర కోసం ముదిగుబ్బకు

భీమిలిలో లైట్‌హౌస్ దగ్గర పద్మావతి గారికి పాత సామాన్ల దుకాణం ఉంది. నేను అందులో చేరి అప్పటికి మూడు నెలలు. ఆవిడకు డెబ్బై ఏళ్లు. ఏదైనా కొనాలంటే ముందు ఆవిడ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పొద్దెక్కేదాకా పడుకుంటానని ఒప్పుకున్న పెద్దమనిషికి గోడ గడియారం అమ్మలేదు. మధ్యాహ్నం రెండింటికి గ్రామఫోన్లకు దుప్పట్లు కప్పి నాలుగింటికి లేపాలి. ఆ పని నాది.

ఒకరోజు ఎవరో ఆవిడకు ఒక వీడియో పంపారు. పొగమంచులో ఓడలవాళ్లు పిడి తిప్పి మోగించే ఇత్తడి బూరతో ముదిగుబ్బ దగ్గర ఒకాయన గొర్రెలను పిలుస్తున్నాడు. వాళ్ల నాన్న కరువు రోజుల్లో విశాఖ రేవులో పనికి పోయి తెచ్చుకున్నదట.

"సముద్రం లేని ఊళ్లో అదెలా ఉంటోందో! బెంగ పెట్టుకోదూ?" అన్నారు పద్మావతి గారు.

బేరం ఫోన్లోనే కుదిరింది. నన్ను వెళ్లి తెమ్మన్నారు. తేలేకపోతే నా స్థానంలో ఇంకొకరిని చూసుకుంటానని కూడా నెమ్మదిగానే చెప్పారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు విశాఖలో రైలెక్కాను. మర్నాడు ఆరున్నరకు గుంతకల్లు. ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ కారానికి అనంతపురం దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. అక్కడ తొమ్మిదింటికి ముదిగుబ్బ బస్సు దొరికింది. రెండు పక్కలా ఎర్రమట్టి, వాన కోసం ఆగిపోయిన వేరుశనగ చేలు. పక్కసీటు పెద్దామె ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఆ బూర మోగితే మా ఎనుములు గూడా తాళ్లు తెంపుకుంటాండాయి. తీస్కపోయి పుణ్యం కట్టుకో తల్లీ" అంది.

ముదిగుబ్బలో ఆటో మాట్లాడుకుని పదకొండుకు ఆ వీడియోలోని ఓబులేసు ఇల్లు చేరాను. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. మనిషి భారీగా ఉన్నా గొంతు పిచ్చుక గొంతు. ఆయన భార్య లక్ష్మీదేవి మజ్జిగ ఇచ్చింది.

"బూర ఇచ్చేదానికి నాకేం లేదుమ్మా. మోసి మోసి భుజం పడిపోయింది. గొర్రెలు ఒప్పుకోవల్ల గదా" అన్నాడాయన.

అరవై గొర్రెలు ఆ మోతకు తప్ప మరి దేనికీ రావట. ఈల వేశాం, పళ్లెం కొట్టాం. బూర మోతను ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తే ఒక్కటీ తలెత్తలేదు. ఓబులేసు ఎంత అరిచినా గొర్రెలకు కాదు కదా, పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

ఉద్యోగం పోయినట్టేనని పద్మావతి గారికి ఫోన్ చేశాను. ఇంతకీ అదెలా మోగుతుందని అడిగారు. నాకు తోచినట్టు "భోఁ..." అని చూపించాను. వెనక దుమ్ము లేచింది. తిరిగి చూసేసరికి అరవై గొర్రెలూ నా చుట్టూ ఉన్నాయి. ఒకటి నా చున్నీ నములుతోంది.

ఓబులేసు ఫోన్ తీసుకుని, చాలా మర్యాదగా, బూర పంపిస్తాను, ఈ పాపను ఇక్కడ ఉంచండి అన్నాడు. పద్మావతి గారు ఫోన్ నాకు ఇమ్మన్నారు.

"ఎన్నాళ్లు కావాలట?" అని అడిగారు నన్ను.

అప్పుడు లక్ష్మీదేవి నడుముకు కొంగు చుట్టి తనకు నేర్పమంది. పొట్టలోంచి గాలి ఎలా తీయాలో సాయంత్రం దాకా నేర్పాను. చీకటి పడేలోపు ఆమె పిలుపుకు మంద మొత్తం ఇంటికి నడిచింది. రాత్రి రాగి సంగటి, వాళ్లు చెనిక్కాయలనే వేరుశనగల పచ్చడి పెట్టి, వాళ్ల వసారాలోనే పడక వేశారు.

మర్నాడు సాయంత్రం ఆరు దాటాక అనంతపురంలో రైలెక్కాను, ఒళ్లో ఎనిమిది కిలోల బూరతో. గుంతకల్లు దాటుతుండగా ఓబులేసు ఫోన్.

"మా ఇంటామె కదిరికి పోతాండాదిమ్మా, వాళ్ల చెల్లెల్ని చూసేదానికి. బస్సెక్కేముందు నన్ను గట్టిగా పిలిచింది. గొర్రెలన్నీ బస్టాండుకు పోయినాయి. బస్సు ఆమెను తీస్కపోయింది. ఇవి కదల్లేదు."

స్పీకరు పెట్టి అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టాను. ఆయన గొంతు పిచ్చుక స్థాయి దాటలేదు. ఎదురు బెర్తు మీద కర్నూలు వెళ్లే లావుపాటి రైతు కొంతసేపు విని, నాది సరైన పద్ధతి కాదని తనే ఒకసారి చేసి చూపించాడు. పై బెర్తులో కాలేజీ అమ్మాయిలు శ్రుతి సరిచేశారు. టికెట్లు చూడటానికి వచ్చిన ఆయన కూడా, నడుం నిటారుగా పెట్టమని చెప్పండి అన్నాడు. డోన్ వచ్చేసరికి పెట్టె పెట్టంతా "భోఁ" అంటోంది.

ఉన్నట్టుండి ఫోన్లోంచి కొంచెం సన్నగానే అయినా పొట్టలోంచి ఒక భోఁ వచ్చింది. ఆ వెంటనే గిట్టల చప్పుడు.

"వస్తాండాయి" అన్నాడు ఓబులేసు, మాకు వినిపించీ వినిపించకుండా.

పెట్టెలో అందరూ చప్పట్లు కొట్టారు. రైతు తన సంచిలోంచి చెనిక్కాయలు తీసి పంచాడు. ముదిగుబ్బ వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. బస్సులకు ఇబ్బంది లేదు, తిండికి లోటు లేదు, మనుషులు మంచివాళ్లు. దగ్గు వచ్చినా గట్టిగా మాత్రం దగ్గకండి.